పొడి డబ్బా కాదు, కంచం మారాలి



గత నెల రెండో ఆదివారం ఆరాధన అయ్యాక ఒక సహోదరుడు లేచి, సన్నబడే పొడి గురించి పది నిమిషాలు మాట్లాడతానన్నాడు. మేము ఒప్పుకోలేదు. ఆ రోజు నుంచి మా మీద మాటలు నడుస్తున్నాయి. "అయ్యగారు పేదోడి పొట్ట మీద కొట్టారు" అని ఒకరన్నారట. "మందిరంలో ప్రార్థన చూసుకోవాలి గాని ఒంటి సంగతి వాళ్ళకెందుకు" అని ఇంకొకరు. మంచిది. పొట్ట మాట మీరే తెచ్చారు గనుక పొట్ట గురించే మాట్లాడుకుందాం, ప్రియులారా. ఇక్కడ మేము అంటే అయ్యగారు, అమ్మగారు ఇద్దరం. రాత్రి అన్నాలయ్యాక కూర్చుని రాసుకున్న మాటలివి. కోపం ఎక్కువగా కనిపించిన చోట అది అమ్మగారిదని తెలుసుకోండి.

ముందు మా తప్పు ఒప్పుకోవాలి. రెండేళ్ళ క్రితం ఇదే పొడి వాళ్ళు మీటింగు పెట్టుకుంటామంటే మందిరం తాళం ఇచ్చింది మేమే. కుర్చీలు వేయించాం, మైకు ఇచ్చాం. ఆ మీటింగులో మన సహోదరి ఒకరు డబ్బా కొనుక్కుంది. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాం, పేరు మాత్రం రాయం. పొద్దున పొడి, రాత్రి పొడి, మధ్యాహ్నం నాలుగు ముద్దల అన్నం. మూడు నెలల్లో ఏడు కిలోలు తగ్గింది. ఆమె ఫొటో పెద్దది చేసి వాళ్ళ సెంటర్లో తగిలించారు. తర్వాత కూలి డబ్బులు డబ్బాకు చాలక మానేసింది. మానేసిన అయిదు నెలల్లో తొమ్మిది కిలోలు పెరిగింది. అంతటితో పోయినా బాగుండేది. మధ్యలో వాళ్ళెవరో "ఇది తాగుతుంటే షుగరు బిళ్ళలు అక్కర్లేదమ్మా" అన్నారు. ఈమె బిళ్ళలు ఆపేసింది. చెప్పు కరిచిన చోట పుండు పడింది, మానలేదు. పట్నం ఆసుపత్రిలో రెండు కాలివేళ్ళు తీసేశారు.

ఆ వరండాలో నిలబడి ప్రార్థన చేశాం. కళ్ళు మూసుకుంటే మాకు కనపడింది మేము వాళ్ళ చేతికిచ్చిన తాళమే.

కాబట్టి ఇప్పుడు తాళం ఇవ్వం. ఎవరు అలిగినా ఇవ్వం.

అయితే "పొడి తాగితే తగ్గింది కదా, పని చేసినట్టేగా" అని అడిగేవాళ్ళు ఉన్నారు. అడగవలసిన ప్రశ్నే. పొడిలో మహిమ ఏమీ లేదు. పూటకు కంచెం నిండా అన్నం తినే మనిషి రెండు పూటలు అన్నం మాని గ్లాసుడు జావ తాగితే తగ్గుతుంది. ఆ గ్లాసులో ఏ డబ్బా పొడి బదులు మజ్జిగ, ఉడికించిన శనగలు ఉన్నా తగ్గేది. తగ్గించింది పొడి కాదు, మానేసిన అన్నం. ఇంకో సంగతి. ఏ పనీ చెయ్యకుండా తిండి మాత్రమే కోసేస్తే ఒంట్లోంచి కొవ్వు ఒక్కటే పోదు, కండ కూడా పోతుంది. మళ్ళీ తిండి మొదలుపెట్టాక తిరిగి వచ్చేదాంట్లో ఎక్కువ భాగం కొవ్వే. తొమ్మిది కిలోలు పెరిగిన మన సహోదరి మొదటికన్నా బలహీనంగా ఎందుకుందో ఇప్పుడు అర్థమవుతుందా?

ఇక రెండో వర్గం. వీళ్ళు నడిచేవాళ్ళు. తెల్లారుజామున కాలువ గట్టు మీద అరగంట నడిచి, వంతెన దగ్గర హోటల్లో రెండు గారెలు, ఒక టీ తాగి ఇంటికొస్తారు. ఆరు నెలలైనా నడుము అంగుళం తగ్గదు. "నడక దండగండీ అయ్యగారూ" అని మాకే చెబుతారు. లెక్క చూడండి. డెబ్భై కిలోల మనిషి చురుగ్గా అరగంట నడిస్తే ఖర్చయ్యే శక్తి సుమారు 150 కేలరీలు. గారెలు, టీ దానికి మించి తిరిగి ఇచ్చేస్తాయి. ఒంట్లో ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు ఖర్చు కావాలి. గారె ముట్టకుండా ఒట్టి నడకతోనే కరిగిద్దామంటే కిలోకు యాభై రోజులు పడుతుంది. అదే నడకతో పాటు రోజుకు వంద గ్రాముల బియ్యం తగ్గించుకుంటే ఇంకో 350 కేలరీలు కలుస్తాయి. యాభై రోజుల పని పదిహేను రోజుల్లో అవుతుంది. బరువు తగ్గేకొద్దీ ఈ వేగం కూడా తగ్గుతుంది, అది మామూలే. ఒక ఎద్దుతో నాగలి సాగదని మన పెద్దలకు తెలుసు. కంచం ఒక ఎద్దు, నడక ఒక ఎద్దు.

మూడో వర్గం మీద మాకు ప్రేమ ఉంది, కోపమూ ఉంది. "మేం రైతు బిడ్డలం, ఒళ్ళొంచి పని చేసేవాళ్ళం, మాకు వ్యాయామం ఏంటండీ" అనేవాళ్ళు. ఏ పని, ప్రియులారా? మీ నాన్నగారు చేసిన పని మీరు చేస్తున్నారా? ఆయన నాగలి పట్టాడు, ఊడ్పుల్లో వంగాడు, కొడవలితో కోశాడు, మోపులు నెత్తిన పెట్టుకుని కళ్ళానికి మోశాడు, నూర్చాడు, బస్తా భుజానికెత్తి బండిలో వేశాడు. ఇప్పుడు దమ్ము ట్రాక్టరుది, కోత మిషనుది, మందు కొట్టేది బ్యాటరీ పంపు, గట్టు దాకా తీసుకెళ్ళేది మోటారు సైకిలు. మిషను వద్దనడం లేదు. ఆ వెన్నునొప్పులు, ఆ జలగలు మళ్ళీ రావాలని ఎవరూ కోరుకోరు. మేము అడిగేది ఒకటే. పని మిషనుకు ఇచ్చేశాం గదా, ఆ పనికి తినే అన్నం మాత్రం మనమెందుకు అలాగే తింటున్నాం? అప్పట్లో రోజుకు అరకిలో బియ్యం తిన్నా చాలేది కాదు. అరకిలో బియ్యమంటే 1,700 కేలరీలు దాటుతాయి, కూర, నూనె, టీ కలపకుండానే. ఇప్పుడు అదే అరకిలో తిని టీవీ ముందు కూర్చుంటే అదంతా ఎక్కడికి పోతుంది? చొక్కా బొత్తాల దగ్గరికే.

అన్నం దూషించడానికి మాకు నోరు రాదు. మా ఇద్దరి చిన్నతనంలో తెల్లన్నం పండగ నాటి మాట. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినప్పుడు మా ఇంట్లో అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆకలి తీర్చిన బియ్యాన్ని మేము ఎన్నటికీ తక్కువ చెయ్యం. కానీ ఆకలి తీరిన తర్వాత కూడా కంచంలో అన్నం గోపురంలా కట్టి, దాని పక్కన చెంచాడు కూర, ఆవకాయ ముక్క వేసుకునే అలవాటు మిగిలిపోయింది. హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2024లో వాళ్ళు ఇచ్చిన సూచనల్లో 2,000 కేలరీల కంచానికి ధాన్యం అన్నీ కలిపి 250 గ్రాములే. కూరగాయలు 400 గ్రాములు. పప్పులు, గుడ్డు, మాంసం కలిపి 85 గ్రాములు, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు. నూనె 27 గ్రాములు, అంటే నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు. మన ఇళ్ళలో కంచం ఇందుకు సరిగ్గా తిరగేసి ఉంది. కండ కోసమని ప్రోటీన్ పొడులు కొనొద్దని కూడా ఆ సూచనల్లోనే రాశారు. పొడి సహోదరుడికి ఆ కాగితం మేము చదివి వినిపించాం. వినలేదు.

"నేను సన్నగానే ఉన్నాను, నాకు పొట్ట ఒక్కటే కొంచెం" అనేవాళ్ళు ఇది వినండి. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో వచ్చింది. ఒకరు పుణెలో పనిచేసే చిత్తరంజన్ యాజ్ఞిక్ గారు, రెండో ఆయన లండన్ డాక్టరు జాన్ యుడ్కిన్ గారు. ఎత్తుకు బరువు లెక్క వేస్తే ఇద్దరికీ ఒకటే అంకె, 22.3. ఒంట్లో కొవ్వు కొలిస్తే లండన్ ఆయనకు 9.1 శాతం, మన ఆయనకు 21.2 శాతం. చూపుకు ఇద్దరూ సన్నవాళ్ళే. మనవాళ్ళ శరీరం కండ తక్కువ, కొవ్వు ఎక్కువగా ఉంటుంది, ఆ కొవ్వు కూడా పొట్ట చుట్టూ చేరుతుంది. అందుకే కాటా ఎక్కి సంతోషపడకండి, టేపు పెట్టుకోండి. మన దేశపు వైద్యులు పెట్టిన హద్దు మగవాళ్ళకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80. అంగుళాల్లో ముప్పై అయిదున్నర, ముప్పై ఒకటిన్నర. 2023లో భారత వైద్య పరిశోధనా మండలి వాళ్ళ సర్వే ఫలితాలు వచ్చాయి. దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు. పొట్ట హద్దు దాటినవాళ్ళు పెద్దవాళ్ళలో వందకు దాదాపు నలభై మంది. మన మందిరంలో బెంచీలు చూస్తే ఆ లెక్క మాకు తక్కువే అనిపించింది.

మా లెక్క చెప్పకుండా మీ లెక్క అడగకూడదు గదా. ఆ ఆసుపత్రి నుంచి వచ్చిన రాత్రి దర్జీ టేపు తీసుకుని కొలుచుకున్నాం. అయ్యగారు 41 అంగుళాలు. అమ్మగారు 37. దేహం ఆలయమని పాతికేళ్ళుగా ప్రసంగాలు చేసినవాళ్ళం. ఆ మాట సారా తాగేవాడి మీద, బీడీ కాల్చేవాడి మీద, గుట్కా నమిలేవాడి మీద విసిరాం. ఏ ఇంటికి కూటానికి వెళ్ళినా మూడోసారి బిర్యానీ వడ్డించుకున్నప్పుడు ఆ మాట మాకు గుర్తు రాలేదు.

ఇక్కడే కొందరు తిమోతి పత్రిక తీస్తారు. శరీర సాధనకు ప్రయోజనం కొంచెమేనని అక్కడుంది గదా అయ్యగారూ అంటారు. చూడండి, కొంచెం అంటే కొంచెమే, సున్నా కాదు. ఆ మాట దైవభక్తిని పైన పెట్టడానికి రాసినది గాని మంచం మీద పడుకోవడానికి ఇచ్చిన లైసెన్సు కాదు. రాసిన పౌలు ఎలాంటివాడు? అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం చదవండి. తోటివాళ్ళందరూ ఓడ ఎక్కితే తాను త్రోయ నుండి అస్సు వరకు కాలినడకన వెళ్ళాడు. ముప్పై కిలోమీటర్ల దారి. అలాంటి మనిషి కొంచెం అన్నాడు! మనం వీధి చివర కొట్టుకు బండి తీసేవాళ్ళం ఆ మాటను అడ్డం పెట్టుకుంటున్నాం.

ఉపవాసం సంగతి కూడా తేల్చుకోవాలి. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వచ్చేవాళ్ళలో కొందరు "ఇలాగైనా రెండు కిలోలు తగ్గుతాం" అని నవ్వుతూ అనడం విన్నాం. ఉపవాసాన్ని ప్రార్థనకు ఉంచండి, నడుముకు వాడకండి. సాయంత్రం నాలుగింటికి ఉపవాసం విడిచి పులిహోర, బజ్జీలు, కూల్‌డ్రింకు మీద పడితే తగ్గేదేమీ లేదు. ముఖ్యంగా షుగరు బిళ్ళలు వేసుకునేవాళ్ళు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండొద్దు. మందు వేసుకుని తిండి మానితే షుగరు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం వస్తే అది ఆత్మీయ అనుభవం కాదు, వెంటనే పంచదార నీళ్ళు తాగించండి. అన్నం బాగా తగ్గించదలచిన షుగరు రోగులు కూడా ముందు డాక్టరుకు చెప్పండి, బిళ్ళ మోతాదు మార్చవలసి రావచ్చు. గర్భిణీలు, బిడ్డకు పాలిచ్చే తల్లులు, పిల్లలు, చిక్కిపోయిన ముసలివాళ్ళు, ఈ తగ్గించే మాటలు మీకు కాదు. మీరు బాగా తినండి.

ఇప్పుడు అమ్మగారి వంతు.

సంఘంలో ఆడవాళ్ళ నడుము చూసి మగవాళ్ళు వేళాకోళమాడడం మేము చాలాసార్లు విన్నాం. అయ్యా, మీ ఇంటి ఆడమనిషి ఏం తింటోందో ఎప్పుడైనా చూశారా? ముందు మీరు, తర్వాత పిల్లలు, తర్వాత అత్తమామలు. కూర ముక్కలు, గుడ్డు, చేప నడుముక్క మీ కంచాల్లోకి పోతాయి. చివర ఆమెకు మిగిలేది గిన్నె అడుగున పులుసు, అన్నం. పారేస్తే పాపమని మిగిలిన అన్నమంతా ఆమే తింటుంది. ఒళ్ళు పెరుగుతుంది, రక్తం ఉండదు. తర్వాత నడవమంటారు. ఎప్పుడు నడవాలి? తెల్లవారి గేదె, టిఫిను, క్యారేజీలు. సాయంత్రం నడిస్తే అరుగు మీద కూర్చున్నవాళ్ళు "ఏంటమ్మా, ఎక్కడికి, హీరోయిన్ అవుదామనా?" అంటారు. అలా అనేవాళ్ళలో మన విశ్వాసులున్నారు, ఒక సంఘ పెద్ద కూడా ఉన్నాడు. ఆయన ఇది చదువుతున్నాడని మాకు తెలుసు. ఆడమనిషి నడుము తగ్గాలంటే మొదట మారవలసింది ఆ ఇంటి వడ్డన. గుడ్లు నాలుగు ఉడికితే ఒకటి ఆమెది. అన్నం లెక్క చూసి వండితే మిగలదు, మిగలకపోతే ఆమె మీద పడదు.

మేము ఏం చేశామో చెబుతాం. పెద్ద విద్య ఏమీ కాదు. మా ఇద్దరికీ కలిపి పూటకు ఒక్క గ్లాసు బియ్యమే, అదీ మధ్యాహ్నం. రాత్రికి జొన్న రొట్టె, లేకపోతే పెసరట్టు, నూనె చుక్క. కంచంలో ముందు కూర వేసుకుంటాం, సగం కంచం. తర్వాత పప్పో, గుడ్డో, చెరువు చేపో. చివర్న అన్నం. టీలో పంచదార మానడానికి అయ్యగారికి నెల పట్టింది, ఆ నెల ఇంట్లో శాంతి లేదు. రోజూ అరగంట నుంచి ముప్పావు గంట నడక, మాటలు చెప్పగలిగినా పాట పాడలేనంత వేగంగా. వారానికి 150 నిమిషాలు తక్కువ కాకుండా నడవాలని, వారానికి రెండు రోజులు కండకు పని పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. కండకు పని అంటే జిమ్ము అనుకోకండి. కుర్చీ పట్టుకుని పదిహేనుసార్లు కూర్చుని లేవడం, గోడకు చేతులు ఆనించి తోయడం, రెండు బిందెల నీళ్ళు పట్టుకుని పెరడు చుట్టూ తిరగడం. అమ్మగారు చేసేది అదే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కుర్చీ ఎత్తుది వేసుకోండి.

పద్నాలుగు నెలలైంది. అయ్యగారు 37 అంగుళాలకు వచ్చారు, అమ్మగారు 33కి. హద్దులోకి ఇంకా రాలేదు. క్రిస్మస్ నెలలో ఒకటిన్నర అంగుళం వెనక్కి పోయిన మాట కూడా దాచం. అయినా ఫొటో తీయించి గోడకు తగిలించేంత వేగంగా తగ్గలేదు గనుక తిరిగి రాదని ఆశ.

దీనికి రుజువు మా నడుములు మాత్రమే కాదు. చెన్నైలో డాక్టరు రామచంద్రన్ గారి బృందం షుగరు అంచున ఉన్న 531 మందిని సుమారు మూడేళ్ళు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. తిండి, నడక రెండూ సరిచేసుకున్నవాళ్ళలో షుగరు వచ్చే అవకాశం 28 శాతం పైగా తగ్గింది. బిళ్ళ ఇచ్చిన గుంపులో తగ్గింది కూడా దాదాపు అంతే. వాళ్ళకెవరూ డబ్బాలు అమ్మలేదు.

ఇక ప్రేమ విందు. ప్రతి నెలా మొదటి ఆదివారం బిర్యానీ, దాని మీద మిరపకాయ బజ్జీ, చివర్న స్వీటు, గ్లాసుడు కూల్‌డ్రింకు. ఇదంతా పెట్టి, వచ్చే వారం వాళ్ళ షుగరు తగ్గాలని చేతులుంచి ప్రార్థన చేస్తున్నాం. సంఘ పెద్దలతో మూడుసార్లు కూర్చున్నాం. "బిర్యానీ లేకపోతే కుర్రాళ్ళు రారు" అన్నారు. బిర్యానీ కోసం వచ్చే కుర్రాళ్ళయితే హోటలుకు వెళ్ళనివ్వండి అని అమ్మగారు అన్నారు. ఆ మాట మీద ఇప్పటికీ ఇద్దరు అలిగే ఉన్నారు.

వచ్చే మొదటి ఆదివారం విందులో చేపల పులుసు, తోటకూర పప్పు, బీరకాయ కూర, మజ్జిగ ఉంటాయి. అన్నం కూడా ఉంటుంది, గరిటె అమ్మగారి చేతిలో ఉంటుంది. ఏఎన్‌ఎమ్ గారు బీపీ మిషను తెస్తానన్నారు. బల్ల మీద టేపు, పుస్తకం పెడతాం, మొదటి రెండు పేర్లు మావే రాసి ఉంటాయి. కాలివేళ్ళు పోగొట్టుకున్న సహోదరి తన మాట తానే చెబుతానంది, పొడి సహోదరుడు అడిగిన ఆ పది నిమిషాలు ఆమెకు ఇస్తున్నాం. సోమవారం నుంచి ఆడవాళ్ళ నడక సాయంత్రం 5:30కి మందిరం గేటు దగ్గర మొదలవుతుంది. చెరువు గట్టు మీద లైటు పోయి వారమైంది, టార్చి తెచ్చుకోండి.